వాచీల బాబాయి చదివిన చిన్న అక్షరాలు

పిన్నిగారికి, చెల్లెమ్మకు, ఈ వీధి వ్యాపారులందరికీ నమస్కారం.

మిట్టమధ్యాహ్నం, మంచి బేరాల వేళ, షట్టర్లు దించి వచ్చారు. సొంతవాళ్ల పెళ్లికి కూడా సగం పూటకు మించి దుకాణం మూయని వాళ్లం మనం. అలాంటిది పద్దెనిమిది షాపులూ మూతపడ్డాయి. వాచీల బాబాయి ఉంటే మనల్ని తిట్టేవారు. "ఒక్కడి కోసం ఇంతమంది బేరాలు పాడుచేసుకుంటారా?" అనేవారు. తిట్టడానికి ఆయన లేరు. మొన్న గురువారం పొద్దున, వాచీలు బాగుచేసే ఆ బల్ల ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు.

నాకు ఉపన్యాసాలు చేతకావు. చెప్పులు అమ్ముకునేవాణ్ణి. నాకు ముక్కు మీద కోపమని మీకు తెలుసు. ఇవాళ ఆ కోపమంతా నా మీదే ఉంది. ఎందుకో చెప్పకుండా నేను వేదిక దిగితే, దిగనివ్వకండి.

మిత్రులారా, కార్డు మిషన్లు వచ్చిన కొత్తలో మనకేం తెలుసు? మిషన్ ఉచితం అన్నారు, తీసుకున్నాం. నెల తిరిగేసరికి స్టేట్‌మెంటు వచ్చింది. చీమ తలకాయంత అక్షరాలు! కార్డు గీకితే కమిషన్. గీకకపోతే కనీస రుసుము. ఆ కాగితాలు పంపినందుకు ఇంకో రుసుము! ఎవరు చదివారు? నేను చదివానా? మీరు చదివారా? బాబాయి చదివారు. వాచీలు చూసే అద్దం కంటికి బిగించుకుని, "చక్రంలో పన్ను విరిగితే నాకు కనబడుతుంది, ఇందులో ఎక్కడ విరిగిందో చూద్దాం ఉండు" అనేవారు. అప్పటినుంచీ నెలలో మొదటి సోమవారం, మనమంతా కాగితాలు పట్టుకుని ఆ ఇరుకు షాపు ముందు వరస కట్టేవాళ్లం.

పూలక్క ఇక్కడే ఉంది. చెప్పమంటావా అక్కా? చెప్తాను, ఏమీ అనుకోకు. ఎనిమిది నెలలు ఆవిడకు కమిషన్ అందరికంటే ఎక్కువ పడింది. ఆవిడ మిషన్ కంపెనీని తిట్టింది, బ్యాంకును తిట్టింది, పనిలో పనిగా మొగుణ్ణీ తిట్టింది. బాబాయి కాగితం చూశారు, లేచి నేరుగా పూలకొట్టుకు నడిచారు. మిషన్లో కార్డు పెట్టే సందు నిండా పుప్పొడి, తడి మట్టి. కార్డు పట్టక ఈవిడ ప్రతిసారీ నంబరు చేత్తో కొడుతోంది. చేత్తో కొడితే కమిషన్ ఎక్కువని ఎక్కడో అడుగున రాసి ఉంది. బాబాయి వాచీలు తుడిచే బుల్లి బ్రష్షుతో ఆ సందు శుభ్రం చేశారు. అంతే! మరుసటి నెలకు కమిషన్ దిగింది. ఇన్నాళ్లూ అన్యాయంగా తిట్లు తిన్న బావగారికి క్షమాపణ అందిందో లేదో నాకు తెలియదు.

కాఫీ బండి వదినకైతే ఇంకో కష్టం. గీకిన ప్రతిసారీ ఇంత అని విడిగా ఒక కోత ఉంటుంది. చెప్పులు అమ్మేవాడికి అది తెలియదు, కాఫీ అమ్మే మనిషికి ప్రాణం మీదికొస్తుంది. ఒక కప్పు మీద మిగిలేదాంట్లో సగం మిషనే తాగేస్తోంది. బండి అమ్మేస్తానని వదిన ఏడ్చింది. అప్పుడు బాబాయి ఏం చేశారు? పది కప్పులకు ఒక అట్టముక్క అన్నారు. డబ్బు ఒక్కసారే తీసుకో, కాఫీ ఇచ్చినప్పుడల్లా కన్నం పెట్టు. పదిసార్లు పోయే కోత ఒక్కసారే పోతుంది. వాచీ పట్టీలకు కన్నాలు పెట్టే తన పనిముట్టును ఆవిడ చేతిలో పెట్టేశారు. ఆ తర్వాత పట్టీ బిగించుకోవాలంటే మనం కాఫీ బండి దగ్గరికి పోవాల్సి వచ్చింది. ఆ బండి ఈ రోజుకీ నిలబడి ఉందంటే ఆయన చలవే.

ఇక నా సంగతి.

ఏడాదిన్నర కిందట ఆయన మనందర్నీ కూర్చోబెట్టి, విడివిడిగా అడిగితే పట్టించుకోరు, కలిసి అడుగుదాం అన్నారు. కంపెనీ రేటు తగ్గిస్తానంది. కానీ పద్దెనిమిది సంతకాలూ ఉండాలంది. పదిహేడే వచ్చాయి. నేను పెట్టలేదు. మా తమ్ముడు ఒప్పుకోలేదని మీకు చెప్పాను. అదిగో, మా తమ్ముడు తెల్లమొహం వేసుకుని చూస్తున్నాడు, వాడికి ఆ ఊసే తెలియదు. అసలు జరిగింది వేరు. కంపెనీ మనిషి ముందురోజే వచ్చి, మీరొక్కరూ సంతకం పెట్టకండి, మీకు విడిగా తగ్గిస్తాను అన్నాడు. నేను ఆశపడ్డాను. మీ అందరి నోటి దగ్గర కూడు తీశాను.

తర్వాతి నెల మొదటి సోమవారం అలవాటు కొద్దీ నా కాగితం పట్టుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది, అందులో నా కొత్త రేటు ఉందని! ఆయన చదివారు. మొత్తం చదివారు. "నీకు తక్కువ వేశారు, మంచిదే. కానీ ఇది ఆరు నెలలే. తర్వాత అందరికంటే ఎక్కువ పడుతుంది, తేదీ గుర్తుపెట్టుకో" అన్నారు. ఆ తేదీ కాగితం వెనక పెన్సిల్‌తో రాసిచ్చారు. ఒక్క మాట దెప్పలేదు. మీలో ఎవరికీ చెప్పలేదు.

నేను మళ్లీ ఆ షాపు మెట్లెక్కలేదు. ఆరు నెలలయ్యాక ఆయన చెప్పినట్టే రేటు పెరిగింది, సిగ్గుతో కిక్కురుమనకుండా కట్టుకున్నాను. "వాడి గడువు దాటిపోయింది, ఎక్కువ కట్టుకుంటున్నాడు, మొహం చెల్లక రావట్లేదు" అని నెలనెలా ఆ మొదటి సోమవారం మా కొట్టు వైపు చూసేవారట. నిన్న ఆయన కూతురు, మన చెల్లెమ్మ చెప్పింది. ఆయన నా గురించి బాధపడ్డారు. మోసపోయింది ఆయన, బాధపడింది నా కోసం!

బాబాయ్, నన్ను క్షమించు. మీరంతా కూడా.

పూలక్క కంపెనీని మళ్లీ అడిగింది. పాత షరతే, పద్దెనిమిది సంతకాలు. ఒప్పంద పత్రం ఆ బల్ల మీద ఉంది. మొదటి సంతకం నాది. కానీ నా సంతకం చూసి పెట్టకండి, నా సంతకం విలువెంతో ఇప్పుడే విన్నారు. చదివి పెట్టండి. ఆయన కంటి అద్దం చెల్లెమ్మ ఆ పత్రం పక్కనే ఉంచింది.

ఇప్పుడు దయచేసి లేవండి. సంచుల్లో మిషన్లు తెచ్చుకున్నారని తెలుసు, నేనూ తెచ్చాను. వాటిని ఆపేయండి. కార్డు పెట్టి, జవాబు వచ్చేదాకా ఆ మిషన్ ముందు రోజుకు ఎన్నిసార్లు నోరు మెదపకుండా నిలబడతాం! ఈ రెండు నిమిషాలు బాబాయి ముందు నిలబడదాం.