బయటి పెట్టె

జగ్గయ్యపేటలో ఏసీలమ్మే కొట్టు. మార్చి నెల పూర్తిగా గడవనే లేదు, అప్పుడే ఎండ రోడ్డు మీద మనిషిని నిలవనివ్వడం లేదు. నందిగామలో టీచరు పని చేసే జెరూషా పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. పక్కన ఆమె అన్న డేవిడ్‌రాజు, ఎదురుగా కొట్టులో పనిచేసే యూనస్. ఏ విషయమైనా తనకే బాగా తెలుసన్న నమ్మకం జెరూషాకు చిన్నప్పటి నుంచీ ఉంది, అన్నకేమో ఆ సంగతి మీద చిన్నప్పటి నుంచీ మంట.

"త్రీస్టారు వద్దన్నయ్యా. యూనస్ గారూ, మాకు అవి చూపించకండి. ఫైవ్‌స్టారే కావాలి."

"త్రీస్టారులో కూడా మంచివి వచ్చాయి మేడమ్. రోజుకి ఎంతసేపు వేస్తారో చెబితే దాన్ని బట్టి..."

"పగలంతా వెయ్యాలి. రాత్రి కూడా. మా అమ్మ కోసం."

"అంతసేపు వేస్తే ఫైవ్‌స్టారే రైటండీ. ఇన్వర్టర్‌ది తీసుకోండి. గది చల్లబడ్డాక మోటారు నెమ్మదిస్తుంది. ఊరికే ఆగి, ఊరికే మొదలవ్వదు. అక్కడే కరెంటు కలిసొచ్చేది. అమ్మగారికి ఒంట్లో బాలేదాండీ?"

"నిరుడు మే నెలలో వడదెబ్బ కొట్టింది. రేకుల గదిలో పడుకుని పడుకుని తెలివి తప్పింది. బెజవాడ తీసికెళ్తే గానీ దక్కలేదు. డాక్టరు గట్టిగా చెప్పారు, ఇంకోసారి కొడితే మనిషి దక్కదని. ఈ ఎండలు పోయేదాకా చల్లటి గదిలోంచి బయటికి తేవద్దన్నారు."

"నేనేగా ఆటోలో వేసుకుని పరిగెత్తింది."

"నువ్వేలే అన్నయ్యా. ఎవరు కాదన్నారు?"

"కాదన్నారని కాదు. చెబుతున్నా."

"గది ఎంతుంటది సార్?"

"ఏ గది?"

"అమ్మగారు పడుకునే గదండీ."

"అదా... అది చిన్నదే. ఇంటి వెనకాల రేకులు వేసాం."

"లోపల సీలింగు కొట్టించారాండీ?"

"లేదు."

"అయితే కష్టం సార్. మధ్యాన్నానికి రేకు కాలి కూర్చుంటది. ఏసీ ఎంత తోలినా చల్లదనం నిలవదు. ఎన్ని స్టార్లున్నా ఉపయోగం లేదు, తిరుగుతానే ఉంటది. గది పట్టి ఉంచితేనే ఈ స్టార్ల లాభం."

"విన్నావా జెరూషా? మొన్నటి నుంచీ నేను చెబుతుంది అదే. స్లాబు గదిలో పెడదాం. మా గదిలో."

"మీ గదిలోనా?"

"అమ్మ మంచం కూడా అందులోనే వేస్తాం. అమ్మని వదిలేసి మేం పడుకుంటామా ఏంటి?"

"వదిన ఒప్పుకుందా?"

"గ్రేసీ ఏమంటది? అత్తగారేగా."

"ఒప్పుకుందా అని అడుగుతున్నా."

"ఒప్పుకుంటదిలే. నువ్వు ఏసీ సంగతి చూడు."

"మరి సార్, ఆ గదిలో మొత్తం ఎంతమంది పడుకుంటారు? మనిషి మనిషికీ వేడి పెరుగుద్ది కదండీ, అందుకని అడుగుతున్నా."

"నాకు సిమెంటు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ. పగలు పడుకుంటా. కాబట్టి పగలు నేనూ అమ్మా, రాత్రి మా ఆవిడా అమ్మా."

"అంటే ఎప్పుడు చూసినా ఇద్దరే. పడమటి గోడకి ఎండ పడుద్దాండీ?"

"దంచుద్ది."

"అయితే టన్ను చాలదు, టన్నున్నర తీసుకోండి."

"టన్నున్నరే ఇవ్వండి. చిన్నది తీసుకుంటే ఊపిరి తిప్పుకోకుండా తిరగాలి, అప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది. అన్నయ్యా, విను. ఇరవయ్యారులో పెట్టి పైన ఫ్యాను వేసుకోండి. పద్దెనిమిదిలో పెట్టి దుప్పట్లు కప్పుకోవద్దు. ఫిల్టరు కడుగుతుండాలి. కిటికీ సందులు మూయించు. తలుపు మాటిమాటికీ తియ్యకూడదు, తీసిన ప్రతిసారీ అది మళ్ళీ మొదట్నుంచి పని చెయ్యాలి."

"మేడమ్‌కి అన్నీ తెలుసండీ. మేం చెప్పేదేం లేదు."

"ఫోన్‌లో చూసొచ్చానండీ, అంతే."

"తలుపు తియ్యకూడదంటే... అమ్మ అస్తమానం బాత్రూమ్‌కి లేస్తదిగా."

"దానికేమైంది? అమ్మ కోసమేగా కొంటున్నాం."

"అదేలే. నువ్వు తలుపన్నావని."

"అమ్మ సంగతి వేరు."

"వేరేలే. నేనేమన్నా?"

"అన్నయ్యా, అటు చూడకు. ఇటు చూసి చెప్పు. అమ్మని ఆ రేకుల గదిలో పడుకోబెట్టవుగా?"

"పడుకోబెట్టనన్నాగా. ఒట్టు వెయ్యాలా?"

"వద్దులే. యూనస్ గారూ, ఇదే ఇవ్వండి. ఫైవ్‌స్టారు, టన్నున్నర. అడ్రసు మా అన్నయ్యది రాసుకోండి."

*

వారం తర్వాత. జెరూషా బడిలో స్టాఫ్‌రూమ్ కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చేసింది. అటువైపు డేవిడ్‌రాజు, వెనకాల గోడకు బెజ్జాలు వేస్తున్న చప్పుడు. దూరం నుంచి అంతా సవ్యంగా జరిపించడం ఆమెకు బాగా చేతనయిన విద్య.

"బిగించారా అన్నయ్యా?"

"బిగిస్తున్నారు. కొట్టోళ్ళు బుల్లిబాబు అని మెకానిక్‌ని పంపారు. లోపలిది గోడకి ఎక్కించేసాడు. ఈ బయటి పెట్టె ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాడు."

"మేడ మీద పెట్టించు."

"అదే అన్నా. మేడ మీద ఎండలో పెడితే కరెంటు ఎక్కువ తాగుద్దంట. పైపు పొడుగైనా నష్టమేనంట. పైగా కోతులొచ్చి పైపుల మీద తొడుగులు పీకేస్తున్నాయంట. నీడా గాలీ ఉన్న చోటు చూపించమంటున్నాడు."

"నీడంటే ఎక్కడుంది మనింట్లో?"

"వరండా ఒక్కటేగా."

"అయితే అక్కడే పెట్టించు. నీడలో ఉంటే చాలా కలిసొస్తుంది. నేను కూడా చూసాను అది."

"వరండాలోనే పెట్టించమంటావా?"

"పెట్టించు. లోపల చల్లగా ఉండటం కదా కావాల్సింది."

"సరే. నువ్వన్నావని పెట్టిస్తున్నా."

"అమ్మ మంచం గదిలో వేసావా?"

"వేస్తాం. బిగించనీ ముందు."

"ఏ పక్కన?"

"తలుపు పక్కన. లేవడానికి వీలుగా ఉంటదని."

"ఒకసారి అమ్మకివ్వు."

"ప్రార్థన చేసుకుంటుంది."

"ఈ టైములోనా?"

"అమ్మ ప్రార్థనకి వేళాపాళా ఉందా? పాటలు, ప్రార్థన, దగ్గు. మళ్ళీ పాటలు. మనిషి పగలు కళ్ళు మూసుకునేదెట్టా?"

"ఏంటి అంటున్నావు?"

"ఏం లేదు. నైట్ చేసొచ్చి నిలబడ్డా. కళ్ళు మండుతున్నాయి. జెరూషా..."

"చెప్పు."

"ఈ రెండు నెలలు అమ్మని నీ దగ్గర ఉంచుకుంటే..."

"మాది మేడ మీద ఇల్లన్నయ్యా. నిలువు మెట్లు. అమ్మ ఎక్కుద్దా?"

"ఎక్కలేదనుకో."

"మా ఆయన సంగతి నీకు తెలియంది కాదు. బడి ఒకటి. పగలు ఇంట్లో ఎవరుంటారు అమ్మకి?"

"సరేలే. మాటవరసకన్నా."

"అందుకేగా అన్నయ్యా నేను వెతికి వెతికి మంచిది కొనిచ్చింది. అమ్మకి ఏ లోటూ ఉండకూడదని."

"లోటెందుకుంటది? ఉంటా మరి, బుల్లిబాబు పిలుస్తున్నాడు."

*

మే నెల, ఆదివారం మధ్యాహ్నం. బడులకు సెలవులిచ్చారు. ఊళ్ళో కుక్కలు కూడా కాలవల్లో దిగి పడుకున్నాయి. జెరూషా ముందుగా చెప్పకుండా అన్న ఇంటికి వచ్చింది. వరండాలో మంచం మీద తల్లి ఆరోగ్యమ్మ పడుకుని ఉంది. మంచానికి బారెడు దూరంలో బయటి పెట్టె తిరుగుతోంది. జెరూషా గబగబా వెళ్ళి తల్లి భుజం పట్టి కుదిపింది.

"అమ్మా. అమ్మా, లే. ఇక్కడ పడుకున్నావేంటి?"

"ఎవరూ... జెరూషానా? ఎప్పుడొచ్చావు తల్లీ? ఇంత ఎండన పడి వచ్చావేంటి?"

"ఒళ్ళిలా కాలిపోతుందేంటమ్మా? నీళ్ళు తాగు. ముందు తాగు. ఈ గాలేంటి, పొయ్యి ముందు కూర్చున్నట్టుంది."

"అది తిరిగితే అంతేనమ్మా. నువ్వు కొన్నదే. మెల్లగా మాట్లాడు, అన్నయ్య పడుకున్నాడు."

"ఫోన్‌లో చల్లగా ఉందన్నావుగా. నిన్న కూడా అన్నావు."

"లోపల చల్లగానే ఉంటదమ్మా. తలుపు తీసినప్పుడు కాళ్ళకి తగులుద్ది."

"నీ మంచం లోపల వెయ్యలేదా?"

"వేసారు. వెయ్యకపోవడమేంటి? కొన్నాళ్ళు పడుకున్నా. హాయిగా ఉంది. కాకపోతే నేను ఊరికే లేస్తాగా. తలుపు తీస్తే చల్లదనమంతా పోద్దంట, నువ్వే చెప్పావంటగా కొట్లో. మీ వదిన రెండు మూడుసార్లు ఓర్చుకుంది. నాకా దగ్గు, ప్రార్థన నోరు మెదపకుండా చేసుకోవడం చేతకాదు. రాత్రంతా పనిచేసొచ్చినోడు ఎట్టా పడుకుంటాడు? పగలు వరండాలో వేద్దాం, రాత్రికి లోపల వేద్దాం అన్నారు. తర్వాత రాత్రి కూడా ఇక్కడే అయింది."

"ఆ వెనక గదిలోనైనా..."

"అందులోకి వెళ్తే భయమేస్తుందమ్మా. నిరుడు అక్కడేగా నేను పోబోయింది. ఇక్కడ కనీసం దారిన పోయేవాళ్ళు కనపడతారు."

"అన్నయ్యా. అన్నయ్యా, తలుపు తియ్యి."

"లేపమాకమ్మా."

"నువ్వూరుకో. అన్నయ్యా, తలుపు తియ్యి."

"ఏంటా బాదుడు... జెరూషా? ఫోన్ చేసి రావచ్చుగా. లోపలికి రా, చల్లదనం పోద్ది."

"పోనియ్. ఇలా రా. అమ్మ చెయ్యి పట్టుకుని చూడు."

"చూసా."

"పట్టుకుని చూడమంటున్నా. డాక్టరేం చెప్పాడు నిరుడు?"

"తెలుసు."

"ఇంకోసారి కొడితే దక్కదన్నాడు."

"తెలుసన్నాగా."

"తెలిసే చంపుతున్నావా?"

"మాటలు తిన్నగా రానీ. నేను క్రేను దగ్గర పనిచేస్తా. అక్కడ కునుకు పట్టిందంటే నా ప్రాణం పోద్ది, కింద నిలబడ్డోడి ప్రాణమూ పోద్ది. పగలు నాకు నిద్ర కావాలి. కావాలా వద్దా?"

"వదినేది?"

"చర్చిలో స్త్రీల కూడిక ఉంటే ఉండిపోయింది."

"బాగానే ఉంది. ఈ పెట్టెని అమ్మ ముఖాన ఎందుకు పెట్టించావు?"

"నిన్నడిగే పెట్టించా. నీడన్నావు. కలిసొస్తుందన్నావు."

"అమ్మని ఇక్కడ పడుకోబెడతానని చెప్పావా అప్పుడు?"

"నాకు మాత్రం అప్పుడు తెలుసా? నీకు చెప్పడం తేలికమ్మా. తలుపు మూసుంచు, ఇరవయ్యారులో పెట్టు, ఫిల్టరు కడుగు. ఫోన్‌లో చెప్పి పెట్టేస్తావు. అమ్మ మంచం మీద తడుపుకుంటే దుప్పటి ఉతికేది గ్రేసీ. ఏడేళ్ళ నుంచి చేస్తుంది. నువ్వొచ్చి నన్ను చంపేవాణ్ణంటావు."

"ఒరే, ఊరుకోండిరా. దారిన పోయేవాళ్ళు వింటున్నారు."

"విననీ అమ్మా. అంత ప్రేమున్నది తీసుకెళ్ళొచ్చుగా. ఇప్పుడే తీసుకెళ్ళమను. నేనే ఆటో పిలుస్తా, నేనే మోసుకెళ్ళి కూర్చోబెడతా."

"అన్నీ తెలిసి మాట్లాడతావేంటన్నయ్యా? ఆ మెట్లు..."

"ఎక్కుతానమ్మా."

"ఏంటమ్మా?"

"మెట్లు. ఎక్కుతా. నువ్వు ఒక రెక్క పట్టుకుంటే మెట్టు మెట్టుకీ కూర్చుని లేస్తా. ఒక్కసారేగా ఎక్కేది. మళ్ళీ వానలు పడ్డాకే దిగుతా."

"అది కాదమ్మా. నేను బడికి పోతే..."

"సెలవులేగా."

"సెలవులే అనుకో. ఆయన..."

"అల్లుడికి అడ్డం రానమ్మా. మీ గదిలో ఏసీ ఉందిగా. పిల్లల గదిలో కూడా పెట్టారంటగా ఈ మధ్య, మనవరాలు చెప్పింది. అక్కడ ఓ మూలన చాపేసినా చాలు. దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటా. ప్రార్థన లోలోపల చేసుకుంటా. పాడను."

"ఏసీ ఉందా మీ ఇంట్లో? జెరూషా, నిన్నే. నాకెప్పుడూ చెప్పలేదే."

"రెండేళ్ళ నుంచీ ఉందిరా వాళ్ళకి."

"అంటే నిరుడు అమ్మ పడిపోయినప్పుడు కూడా ఉందా?"

"వదిలెయ్‌రా. దాన్నేం అనమాకు. జెరూషా, నాకు చావాలని లేదమ్మా. అందరూ పెద్దదయింది, ఎప్పుడు పోతేనేం అనుకుంటారు గానీ, నాకు లేదు. మధ్యాన్నమయ్యేసరికి గుండె దడదడలాడుద్ది, నిరుటిలాగే అవుద్దేమోనని. ఎవరికీ చెప్పలా. నన్ను తీసుకుపోమ్మా."

"అమ్మ అడుగుతుంది జెరూషా."

"వింటున్నా అన్నయ్యా."

"ఆటో పిలవనా?"

"ఆ మెకానిక్ నంబరు నీ దగ్గరుందా? ఒకసారి రమ్మను. ఈ పెట్టెని కాస్త అటువైపుకి తిప్పి పెట్టమందాం."