వెనక్కి తిప్పిన లారీ

మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో ఆ సాయంత్రం ఏడెనిమిది మందిమి కూర్చున్నాం. ముందు సంగతి విడమరిచి చెప్తాను. నది ఒడ్డున ఉన్న ఆ ఫ్యాక్టరీ స్థలం నిండా విషమే. దాన్ని శుభ్రం చేసి, పడవలు బాగుచేసే షెడ్లూ పిల్లలు ఆడుకునే చోటూ కట్టడానికి ప్రభుత్వం ఒక నిధి పెట్టింది. అయితే విషం ఎక్కడ పాతారో కళ్లారా చూసినవాళ్లు రాసి సంతకం పెడితేనే డబ్బిస్తారు. లేదంటే పైన ఇంత మట్టి కప్పి గోడ కట్టేస్తారు. గడువు రేపటితో సరి. ఫ్యాక్టరీవాళ్లేమో అక్కడ ఏమీ పాతలేదనీ, పాతారన్నవాళ్ల మీద కేసు వేస్తామనీ ఇంటింటికీ కాగితాలు పంచారు. ఫారం నా సంచిలో ఉంది. సంతకం గడి ఖాళీ.

అప్పుడు లారీ మామ గొంతు సవరించుకున్నాడు. పాతికేళ్లు ఆ ఫ్యాక్టరీ లారీ తోలినవాడు.

"కేసా, నా మీదా? వినండి టీచరమ్మా. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల సైరను మోగింది, మేనేజరు వచ్చి ఈ పీపాలు ఒడ్డున గోతిలో దింపేసిరా అన్నాడు, నేను దింపనన్నాను, అంతే, లారీ వెనక్కి తిప్పాను."

టీ కొట్టావిడ గ్లాసులు కడుగుతూ, ఇంతవరకూ నమ్మొచ్చు అంది.

"తిప్పి ఊరుకున్నానా? ఆఫీసు మెట్ల దగ్గరికి పోనిచ్చాను. అక్కడ ఆపానా అంటే ఆపలేదు, రెండో గేరులో మెట్లెక్కించాను."

"మెట్లెన్ని బాబాయ్?" అన్నాడో కుర్రాడు.

"ముప్పై. పోనీ అరవై అనుకో, ఎక్కేవాడికి లెక్కెందుకు? పైన ఓనరు భోజనం చేస్తున్నాడు, ఆయన బల్ల మీదే ఒక పీపా బోర్లించాను, ఇక చూస్కోండి, బల్ల కరిగింది, బల్ల కింద నేల కరిగింది, ఓనరు కుర్చీతో సహా కింది అంతస్తులోకి దిగాడు, అక్కడ గుమాస్తాని ఒళ్లో వేసుకుని ఇంకా కిందికి దిగాడు, దిగుతూనే నాకు దణ్ణం పెట్టి, నాయనా ఇకమీదట ఒడ్డున చుక్క పొయ్యను అన్నాడు. ఉత్త మాట నేను నమ్ముతానా, రాసివ్వమన్నాను. దిగుతూ దిగుతూ రాసిచ్చాడు."

ఆ కాగితం ఏదని ఎవరో అడిగారు. అదీ కరిగిపోయిందన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

"నది సంగతి చెప్పలేదు కదూ. మూడు రంగుల్లో పారేదా, నా హారను వినగానే నిలబడిపోయింది, నిలబడి వెనక్కి పారింది, చేపలన్నీ తోకల మీద లేచి వరసకట్టి చూశాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు" అన్నాడు బెంచీ చివర కూర్చున్న ఆయన బావమరిది. ఆ రోజుల్లో అదే లారీకి క్లీనరు. "ఆ తర్వాత దింపాం బావా. వెనక తలుపు గొళ్లెం తీసింది నేనే."

లారీ మామ చేతిలో గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు.

"దింపనన్నావు, అది నిజమే. అయితే లారీ తాళాలు ఇచ్చేసి ఇంటికి పొమ్మన్నాడు మేనేజరు. అక్కకి అప్పుడు నెలలు నిండాయి."

నేను ఫారం తీసి, పీపాలు ఎన్నని లారీ మామని అడిగాను. వెయ్యి అంటాడనుకున్నాం.

"ముప్పై తొమ్మిది" అన్నాడు నెమ్మదిగా. "నలభయ్యోది దారిలోనే కారిపోయింది. లారీలు తూచే కాటా వెనక, నదివైపు గోడకి పదడుగులు ఇవతల. తవ్వితే తగులుతాయి."

అన్నది అన్నట్టు రాశాను. రాశాక కేసు సంగతి గుర్తుచేశాను. తెలిసే పెట్టాలి కదా ఎవరైనా సంతకం.

"వేసుకోమనండి. ఆ రోజు తాళాలు అడిగితే ఇవ్వలేక దింపాను. ఇవాళ నా దగ్గర లారీ లేదు, తాళాలూ లేవు. ఏం అడుగుతాడో అడగమనండి."

సంతకం గడి దాటి పక్క గడిలోకి పోయింది. బావమరిది లేచి వచ్చి పెన్ను కోసం చెయ్యి చాపాడు.

"నాక్కాస్త చోటుంచు బావా."