నాగజెముడు షర్బత్ సీసా మీద ఎవరి పేరు

"ఆపవయ్యా, ఆపు! ఆ లేబులు మీద ఒక్క అక్షరం పడిందంటే ఊరుకోను!" అంటూ రిటైరైన సర్వేయరు గారు టీకొట్టు బల్ల మీద కూలబడ్డారు. పక్క గదే అచ్చు ప్రెస్సు. ప్రెస్సాయన చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. టీ తాగుతున్న ఆస్పత్రి నర్సమ్మ కాస్త జరిగి చోటిచ్చింది. ఇక సర్వేయరు గారు అందుకున్నారు.

"సీసా మీద మా ఆవిడ పేరా? నాగజెముడు షర్బత్, తయారీ ఆవిడా? సొమ్మొకడిది సోకొకడిదని ఊరికే అన్నారా! రేపు సీసాలు బజారుకెళ్తాయి. ఈవేళ ఏ పేరు పడితే జన్మంతా అదే పేరు. అసలు పండ్లు కోసిందెవరో తెలుసా మీకు? రైలు గేటు పక్కన నాగజెముడు పొద ఉంది, నా నడుమెత్తు. పట్టకారు, బకెట్టు పట్టుకుని వెళ్ళి పన్నెండు పండ్లు కోశా. పన్నెండే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. పెద్ద ముల్లుదేముంది, కనపడి గుచ్చుతుంది. పండు మీద నూగు ఉంటుంది చూశారూ, అది కంటికి ఆనదు, చేతికంటిందా మూడు రోజులు చొక్కా గుండీ పెట్టుకోలేం. సరే, పదమూడో పండు కోసం లోపలికి వంగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద నన్ను పట్టేసుకుంది!"

"పొదా?" అంది నర్సమ్మ.

"పొదేనమ్మా! నడుమెత్తన్నది బయటి వరస. లోపల రెండంతస్తుల మేడంత ఉంది. ముప్పై ఏళ్ళు గొలుసు పట్టి భూములు కొలిచినవాణ్ణి, కంటితో చూసి చెప్పేస్తా, ఇరవై ఆరడుగుల నాలుగంగుళాలు. ముల్లు ఒక్కోటి గొడుగు కర్రంత!"

"మరి చొక్కా చిరగలేదేమండీ?" అన్నాడు ప్రెస్సాయన.

"విప్పి మడతపెట్టి గట్టు మీద పెట్టి వెళ్ళానయ్యా! ఇస్త్రీ చొక్కా, మా ఆవిడ ఊరుకుంటుందా? ఇంతలో గాలి లేచింది. పొద మీది నూగంతా పొగమంచులా కమ్మేసింది. వచ్చే రైలు వచ్చినట్టే ఆగిపోయింది. జనం గోక్కుంటూ దిగిపోయారు, డ్రైవరుతో సహా. నేను మాత్రం బకెట్టు నెత్తిన బోర్లించుకుని, ఒంటిచేత్తో మూడు వేల పండ్లు కోశా!"

"ఇందాక పన్నెండన్నారు?" అంది నర్సమ్మ.

"పన్నెండు బకెట్లో! మిగతావి ఎక్కడ పెట్టను? ఆ రైలు పెట్టెలో పోసి ఇంటికి లాక్కొచ్చా."

"మీ ఇంటిదాకా పట్టాలు లేవు కదండీ?" అన్నాడు టీకొట్టాయన.

"లేవు! అందుకేగా నా శ్రమ చెప్తున్నది! సరే, తెచ్చినంత మాత్రాన షర్బత్ అయిపోతుందా? ఒక్కో పండూ పట్టకారుతో మంట మీద తిప్పాలి, నూగు చిటపటమని కాలిపోవాలి. రెండు కొసలూ కోసి, నిలువునా ఒక గాటు పెట్టి తోలు ఒలవాలి. గింజలు గులకరాళ్ళే, నమిలితే పళ్ళూడతాయి. గుజ్జు మెదిపి, బట్టలో వడకట్టి, పంచదార వేసి కాచాలి. మూడు వేల పండ్ల రసానికి వంటింటి గిన్నె ఏ మూలకి? మేడ మీద నీళ్ళ ట్యాంకులో పోసి కింద మంట పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొంగింది! మెట్లన్నీ దిగి వీధిలో పడింది. వీధంతా ఎర్రగా పారుతుంటే ఖూనీ జరిగిందనుకుని పోలీసులు దిగారు. ఇనస్పెక్టరు వేలు ముంచి నాకి చూశాడు. నాకు సెల్యూట్ కొట్టి, చెంబుందా అనడిగాడు! ఆవిరి పైకెళ్ళి మబ్బు పట్టి, నాలుగు వీధుల్లో ఆరేసిన బట్టల మీద గులాబీ రంగు వాన కురిసింది. ఆ బట్టల్ని చీమలు ఇప్పటికీ వదలట్లేదు, కావాలంటే వెళ్ళి చూసుకోండి!"

"అప్పుడు మీ ఆవిడేం చేస్తున్నారు?" అంది నర్సమ్మ.

"మూతలు బిగించింది. మూతలు! మూతలు బిగించిన మనిషి పేరు సీసా మీదా?" ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "ముప్పై ఏళ్ళు పటాలు గీశానమ్మా. ఎండలో నేను తిరిగి గీసిన ఒక్క పటం మీదా నా పేరు లేదు, అంతా పై అధికారి సంతకాలే. ఇప్పుడు నా ఇంట్లో సీసా మీదా లేకపోతే ఇంకెక్కడుంటుంది?"

ప్రెస్సాయన మనసు కరిగింది. "సరేలెండి, మీ పేరే వేస్తా" అన్నాడు.

నర్సమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఒక్క నిమిషం. అన్నయ్యగారూ, ఇవి ఆదివారం చేసిన సీసాలేనా? మీరొక్కరే చేశారా?"

"ఆదివారమే! పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా, నేనొక్కణ్ణే!"

"హమ్మయ్య, మనిషి దొరికారు. రుచి చూడమని నాలుగిళ్ళకు పంచారుగా. గొంతులో నూగు దిగిందని ఆరుగురు ఆస్పత్రికి వచ్చి కూర్చున్నారు. రసం రెండోసారి వడకట్టలేదట. చేసినవాళ్ళని వెంటబెట్టుకు రమ్మన్నారు డాక్టరు గారు. నడవండి."

సర్వేయరు గారు దిగ్గున లేచారు.

"నేనా? నేను చేశానా? అన్యాయంగా మాట్లాడకమ్మా! నాకా పొయ్యి ఎటు తిరిగుందో కూడా తెలీదు! ఆదివారమంతా ఈ బల్ల మీదే ఉన్నాను. ఏమయ్యా టీకొట్టూ, నోరు విప్పవేం? ఏడు టీలు తాగానా లేదా?"

"తాగారండీ, ఏడు" అన్నాడు టీకొట్టాయన. "మధ్యలో మీ ఆవిడొచ్చి, చేతులనిండా నూగుంది, కాస్త మంట దగ్గర నిలబడండి అని బతిమాలారు కూడా. మీరు లేవలేదు."

"విన్నావా అమ్మా! లేవలేదు! అడుగు కదల్లేదు!" గెలిచినట్టు ప్రెస్సాయన వైపు తిరిగారు సర్వేయరు గారు. "ఏ కోర్టుకైనా వచ్చి చెప్తా, అంతా ఆవిడే చేసింది!"

"ఎవరి గొంతులోనూ ఏమీ దిగలేదు, అన్నయ్యగారూ. నేనూ రెండు గ్లాసులు తాగాను, అమృతంలా ఉంది" అని నర్సమ్మ లేచింది. "ఏమయ్యా, వదినగారి పేరు ఇంటిపేరుతో సహా పెద్దక్షరాలతో వెయ్యి. ఇక ఈయన అభ్యంతరం కూడా లేదు."