ఆయుష్షుకి కత్తెర

కొత్త సంవత్సరం పొద్దున, చైనాలోని ఛువాన్‌జౌలో ఓ ఇంటి కోడలు వంటగదిలో కత్తెర తీసిందో లేదో, అత్తగారు గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"పండగపూట కత్తెర ముట్టుకోవడమే తప్పు. పైగా ఎంత పొడుగుంటే అంత ఆయుష్షనే ఈ నూడుల్స్ మీదకా, అమ్మాయ్?"

"మామయ్య గిన్నెలోవే, అత్తయ్యా."

"మరీ బావుంది! ఎనభై ఏళ్ల మనిషి ఆయుష్షుకేనా నీ కత్తెర?"

"మొన్న పొడుగ్గానే పెట్టాం. అడ్డుపడి మొహం నీలంగా అయిపోలేదూ? పక్షవాతం వచ్చిన గొంతుకి శకునాలేం తెలుస్తాయి?"

"మా అత్తగారు తొంభై ఏళ్లూ ఒక్క పోగు తెగకుండా తిన్నారు."

"ఆవిడ మింగగలిగారు. ఈయన్ని పండగనాడు పస్తుంచమంటారా?"

అత్తగారు పక్కగదిలోకి తొంగిచూసింది. మెడకి తువ్వాలు కట్టించుకుని, చెంచా పట్టుకుని ముసలాయన ఎదురుచూస్తున్నాడు.

"ఆకలేస్తున్నట్టుంది పాపం," అంది గొంతు తగ్గించి. "సరే, కానీ. ఎంత పొడుగు కోస్తావు?"

"వేలెడంత."

ఆవిడ తన గిన్నె కూడా ముందుకు తోసింది.

"మీకెందుకత్తయ్యా? మీ పళ్లు రాళ్లయినా నములుతాయి."

"నోరు మూసుకుని నావీ అంతే కొయ్యి. ఆయనవాటికంటే ఒక్క పిసరు కూడా పొడుగుండకూడదు."