జాడించని టవల్

"నా మొహం మీదికి తేకు దాన్ని. కంపు కొడుతోంది."

"కొట్టదూ మరి. దగ్గరికి రా, అన్నయ్యా. వేలు పెట్టి చూడు."

"చూసేదేముంది. క్లే టవల్. ఒక వైపు బట్ట, ఒక వైపు రబ్బరు పూత. రోజూ చచ్చేది దాంతోనేగా."

అన్నాచెల్లెళ్లిద్దరే నడుపుకునే కార్లు కడిగే షాపు అది. నల్ల కారు బానెట్ పక్కన చెల్లెలు ఆ టవల్‌ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని నిలబడింది; ఆమెకు కోపం కన్నా రోతే ఎక్కువగా ఉంది.

"రబ్బరు వైపు చూడు. ఏం అంటుకుందో చెప్పు."

"ఏం అంటుకుంటుంది, కారు మీదున్న దరిద్రమంతా. తారు, పిట్ట రెట్ట, చచ్చిన పురుగులు, బ్రేకుల దగ్గర రాలే ఇనుప పొడి. కడిగినా పోనిదాన్ని లాగడానికేగా అది ఉన్నది."

"ఇనుప పొడి ఎలా ఉంటుంది?"

"నల్లగా. ఏంటి, నాకే పాఠం అప్పజెప్పిస్తున్నావా?"

"మరి ఈ తెల్లగా గరగరలాడేదేంటి?"

"ఏమో. గట్టిగా రుద్దితే వచ్చుంటుంది."

"ఇసక. మన గచ్చు మీది ఇసక. ఇదిగో, ఈ వెంట్రుక చూడు. ఇది కూడా కారుకే మొలిచిందా?"

"అబ్బ, అటు తీసెయ్యవే. ఇప్పుడే అన్నం తిన్నాను."

"నువ్వు తిన్నావు. నేను తినడానికి వెళ్లినప్పుడు ఏమన్నావు? 'మిగతా సగం నేను చూస్తాలేమ్మా, నువ్వు నిదానంగా తిను' అన్నావు."

"అన్నాను. చూశాను. తప్పా?"

"టవల్ కింద పడిందా లేదా?"

"పడలేదు."

"అన్నయ్యా."

"పడలేదంటే... జారింది. తడి చేతుల్లోంచి జారదా? జారింది, తీశాను."

"తీసి?"

"తీసి ఏముంది, దులిపాను."

"దులిపావు."

"గట్టిగానే దులిపాను."

"నాకీ పని నేర్పిందెవరు? మొదటి రోజు నా చేత ఒట్టు పెట్టించుకోలేదూ? అది కింద పడితే ఏం చెయ్యాలన్నావు?"

"పాత రకం క్లే ముద్దయితే ఇసక లోపలికి దిగిపోతుంది, పారెయ్యాలి."

"టవల్ అయితే?"

"బకెట్లో జాడించాలి."

"బకెట్ ఎక్కడుంది?"

"ఇక్కడే ఉందిలే."

"నీ కాలికి తగులుతోంది. వంగితే చాలు. సరే, సబ్బు నీళ్లయినా చల్లావా?"

"చల్లకుండా ఎలా రుద్దుతారు ఎవరైనా."

"స్ప్రే సీసా నేను నింపి వెళ్లాను. నింపింది నింపినట్టే ఉంది."

"అంటే... కొంచెం తక్కువ చల్లుంటాను. మర్చిపోయాను. మనిషినే కదా. నాలుగు గీతలు పడుంటాయి, పాలిష్ పెడితే పోతాయి. దీనికింత రాద్ధాంతమా?"

"రా, లైటు పట్టుకుంటాను. ఇటు నేను చేసిన సగం, మొహం చూసుకోవచ్చు. అటు నీ సగం. మాడిన గిన్నెని పీచుతో తోమినట్టు, అన్నీ గుండ్రటి గీతలే. గోరు పెట్టి లాగు. తగులుతోందా?"

"తగులుతోంది కొంచెం."

"గోటికి తగిలిన గీత పాలిష్‌కి పోతుందా?"

"పోదు."

"కళ్లకి గంతలు కట్టినా ఈ పని చేసే మనిషివి నువ్వు. నువ్వు మర్చిపోయావంటే నన్ను నమ్మమంటావా?"

"నువ్వేం అనదలుచుకున్నావు అసలు?"

"నేనేమీ అనను. నీ నోటితో విందామనే నిలబడ్డాను."

"ఈ కారు నిన్ను ఉద్యోగానికి రమ్మన్న ఆ షోరూం వాళ్లదేగా?"

"అవును."

"అంత పెద్ద షోరూం. వాళ్లకి మనుషులే దొరకలేదా? మా ఇంటి పిల్లే కావాల్సొచ్చిందా?"

"ఇంకా?"

"ఇంకా ఏముంది. నువ్వు ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. 'కారు పంపండి సార్, పని చూశాకే చెప్పండి' అన్నావు. నాకు ఒక్క ముక్క చెప్పావా? లేదు. నాన్న పోయిన దగ్గర్నుంచి ఈ రేకుల కింద ఎండకీ వానకీ ఇద్దరమే కదే. నా చెయ్యి వణుకుతోందీ మధ్య, అదీ నీకు తెలుసు. నువ్వెళ్లిపోతే నేను షట్టరు దించుకుని ఇంట్లో కూర్చోవాల్సిందే."

"అందుకని?"

"అందుకని... పని బాగోలేదనుకో, వాళ్లే వద్దంటారు కదా అని."

"కావాలనే పడేశావా దీన్ని?"

"పడ్డం దానంతటదే పడింది. ఒట్టు. జాడించకపోవడం... అది నేనే."

"ఛీ."

"తిట్టు. తిట్టించుకుంటాను."

"తిట్టబుద్ధి కూడా కావట్లేదు. ఈ మురికి కన్నా నువ్వు చేసిన పనే ఎక్కువ రోత. ఎదురుగా నిలబడి 'వెళ్లొద్దే' అని ఒక్క మాట అనలేకపోయావా?"

"ఎలా అంటాను? నువ్వు బాగుపడుతుంటే వద్దని ఏ మొహం పెట్టుకుని అంటాను?"

"ఇసక పెట్టి రుద్దడానికి మాత్రం చేతులొచ్చాయి."

"బుద్ధి గడ్డి తింది. తప్పయిపోయింది, ఇంకేం చెప్పను. ఫోన్ ఇలా ఇవ్వు. పాడు చేసింది నేను, మా చెల్లి కాదు, ఆ పిల్ల పని చూడాలంటే మెరుస్తున్న సగం చూడండి అని నేనే చెప్తాను. నీ ఉద్యోగానికేం కాదు."

"ఏ ఉద్యోగం?"

"అదే, షోరూంలో."

"దానికి వాళ్లు పిలిచినప్పుడే రానని చెప్పేశాను. ఈ కార్ల బేరం ఖాయమయ్యాక నీకు చెబుదామని నోరు మూసుకున్నాను. మా అన్నయ్యని వదిలి రాలేను, కావాలంటే మీ కార్లే మా షాపుకి పంపండి అన్నాను. ఒకటి పంపి చూస్తాం, నచ్చితే ఇక అన్నీ మీకే అన్నారు. ఇదే ఆ ఒకటి."