ఓడీల్‌కి దొరికిన ఇరవయ్యో పిల్ల

ఏంటమ్మా కృతీ, స్కూల్లో ఫ్రెంచ్ డ్రాప్ చేసేశావా? "ఎవరు మాట్లాడతారు తాతయ్యా, వేస్ట్" అంటావా? ఇలా కూర్చో, ఎవరు మాట్లాడతారో చెప్తాను. ఈ ఫ్రిస్కో నుంచి ఆరేడు గంటలు డ్రైవ్ చేస్తే లూసియానాలో చెరకు తోటల మధ్య బెల్‌కాన్ అని చిన్న ఊరు. తణుకు మిల్లు వదిలి అక్కడి షుగర్ మిల్లులో కెమిస్ట్‌గా చేరాను, డెబ్భై తొమ్మిదిలో. అప్పటికి జనాభా పద్దెనిమిది వందలు. ఒకప్పుడు ఫ్రెంచ్‌వాళ్ళు వచ్చి స్థిరపడిన చోటు కదా, పెద్దవాళ్ళంతా ఫ్రెంచే. మంగలి షాపులో ఫ్రెంచ్, చర్చి మెట్ల మీద ఫ్రెంచ్. వాళ్ళ పిల్లలకి మాత్రం ముక్క రాదు. ఎందుకు రాదూ? అదే నా మంట! స్కూల్ క్యాంటీన్‌లో వంట చేసే ఓడీల్ అని ఒకావిడ ఉండేది. గట్టి మనిషి. మీ అమ్మమ్మ నాగమణి చేసిన గోంగూర తిని కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఇంకొంచెం వెయ్యమనేది. ఏదో చెప్తున్నానే... ఆ, బడి. ఆరేళ్ళప్పుడు బడికెళ్ళిందిట. ఇంట్లో ఇంగ్లీషు గాలి కూడా లేదు. మంచినీళ్ళెక్కడని పక్కపిల్లని ఫ్రెంచ్‌లో అడిగింది. అంతే! గచ్చు మీద మోకాళ్ళేయించి, "స్కూల్లో ఫ్రెంచ్ మాట్లాడను" అని ఇంగ్లీషులో రెండొందలసార్లు రాయించారు. ఆ రాసేదానికి అర్థం కూడా తెలీదమ్మా ఆ పిల్లకి! ఎవర్ని కొట్టిందనీ? ఏం దొంగిలించిందనీ? ఆ భయంతోనే తన కొడుకుతో ఒక్క ఫ్రెంచ్ మాట ఆడలేదు. "నేను పడ్డది చాలు, వాడికొద్దు" అనుకుందిట.

తొంభై ఒకటిలో, ఫ్రెంచ్‌లో పాఠాలు చెప్పే ఒకటో క్లాసు పెట్టమని ఊరివాళ్ళు అడిగారు. ఇరవైమంది పిల్లలుంటేనే అన్నారు స్కూల్ బోర్డువాళ్ళు. అరవై ఆరేళ్ళ మనిషి ఓడీల్, ఇల్లిల్లూ తిరిగింది. పంతొమ్మిది దగ్గర ఆగిపోయింది. మా గుమ్మంలోకొచ్చి, "శంకర్, మీ అమ్మాయినివ్వండి" అంది, సంబంధం అడగొచ్చినట్టు! మీ అమ్మ ఇంద్రజకి అప్పుడు ఆరేళ్ళు. "ఇంట్లో తెలుగు, వీధిలో ఇంగ్లీషు, మళ్ళీ ఇదొకటా" అని నాగమణి సణిగింది. ఆ మోకాళ్ళ సంగతి విన్నాక తనే సంతకం పెట్టింది. తీరా మీటింగ్‌లో బోర్డు పెద్దమనిషి, "ఈ పిల్ల లెక్కలోకి రాదు, వాళ్ళింట్లో ఫ్రెంచ్ లేదుగా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే ఓడీల్ లేచింది. "మా ఇంట్లో ఇంగ్లీషు లేదు. అయినా నన్ను మీ క్లాసులో కూర్చోబెట్టారు. అప్పుడు లేని రూలు ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?" క్లాసు పెట్టారు, పెట్టక చస్తారా! ఇప్పుడా స్కూలే లేదనుకో. మిల్లు మూశారు, జనం పోయారు, ఏడొందలమంది కూడా లేరు, పిల్లలేరీ అని మూడేళ్ళ కిందట బడికి తాళం వేశారు. బతుకుతెరువు తీసేసి పిల్లలేరీ అంటే ఎక్కణ్ణించి తెస్తారు? సిగ్గుండాలి!

అది కాదు, ఓడీల్ సంగతి. తొంభై తొమ్మిదిలో స్ట్రోక్ వచ్చింది. ఇంగ్లీషంతా పోయి ఫ్రెంచ్ ఒక్కటే మిగిలింది. మేం హాస్పిటల్‌కి వెళ్ళేసరికి కొడుకు రేమండ్, ఆరడుగుల మనిషి, ఆవిడ చెయ్యి పట్టుకుని "వాట్ మమ్మా? వాట్?" అంటున్నాడు. ఆవిడ అదే మాట మళ్ళీ మళ్ళీ. ఇంద్రజ వంగి విని చెప్పింది: "తిన్నావా అని అడుగుతున్నారు. పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నావట." చూశావా! కన్నతల్లి తిన్నావా అంటే, యాభయ్యేళ్ళ కొడుక్కి పద్నాలుగేళ్ళ తెలుగుపిల్ల విప్పి చెప్పాలా? తల్లీకొడుకుల మధ్య మాట తెంపే హక్కు బడివాళ్ళకి ఎవరిచ్చారమ్మా? రేమండ్ ఇటు తిరిగి, "తిన్నాను అనడం ఎలాగో నేర్పు" అన్నాడు మా పిల్లని. రెండు మూడుసార్లు లోపల్లోపల అనుకున్నాడు. తర్వాత తల్లి చెవి దగ్గర వంగి అన్నాడు. తినలేదు వాడు, పొద్దుట్నుంచీ కాఫీ కూడా తాగలేదు. ఇన్నేళ్ళకి కొడుకు నోట తన మాట విని, ఆవిడ వాడి మొహంలోకి చూసి...

సర్లే. మీ అమ్మ ఫోన్ చేస్తోంది చూడు, తియ్యి. తిన్నావా అని అడగడానికే అయ్యుంటుంది.