"సరే" అనని అధికారి

1989 ఆగస్టు పద్నాలుగవ తేదీ ఉదయం, విమాన గమన నియంత్రణ కేంద్రంలో, నేడు పదవీ విరమణ చేస్తున్న మా పర్యవేక్షకులు జూనియర్ అధికారిగా బాధ్యతలు స్వీకరించారు. నాటి రాడార్ తెర మసకగా ఉండేది కనుక, ఆకాశంలో విమానాలను ఎడంగా ఉంచే పని కంటికన్న చెవికే అధికమని చెప్పేవారు. ఇచ్చిన ఆదేశాన్ని పైలట్ తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పినదాన్ని అధికారి వినాలి. ఈ రెండవ సగంపై వారికున్న పట్టుదల వల్లనే "మళ్లీ చెప్పండి గారు" అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు వారికి తెలియదని మేమందరం చాలాకాలం నమ్మాము.

2003లో పర్యవేక్షకులయ్యారు. నాలుగేళ్ల తరువాత, నేనింకా పరిశీలన కాలంలో ఉండగా, ఒక మధ్యాహ్నం దిగివస్తున్న విమానాన్ని పన్నెండు వేల అడుగుల వద్ద ఆగమన్నాను. పదకొండు వేలలో మరొకటి దానికి అడ్డంగా వస్తోంది. పైలట్ ఆదేశాన్ని తిరిగి చెప్పాడు. "సరే" అన్నాను.

"పదకొండు అన్నాడు!" వెనుక నుంచి వారి గొంతు. "ఆపమ్మా, ఆపు!"

ఆపాను. విమానం పన్నెండు వేల వద్దే నిలిచింది. రెండవది దాని కిందుగా దాటిపోయింది. ప్రయాణికులెవరికీ ఏమీ తెలియదు.

"పన్నెండనే విన్నానండీ."

"నువ్వు విన్నది పైలట్ మాట కాదు తల్లీ, నీ మాటే."

"ఏమీ జరగలేదు కదండీ, నివేదిక రాయాలా? నా ఉద్యోగం పోతుంది."

"జరగలేదు కాబట్టే నువ్వు రాయాలి. జరిగుంటే మన గురించి ఇంకొకరు రాసేవారు."

రాశాను. దాని కింద వారు స్వదస్తూరీతో "నేనూ మూడు క్షణాలు ఆలస్యంగా పలికాను" అని చేర్చారు. ఆ వాక్యంలో సత్యమెంతో, దయ ఎంతో నేటికీ తేల్చుకోలేకున్నాను. ఆరు వారాల పునఃశిక్షణతో నా ఉద్యోగం నిలిచింది. మా కేంద్రంలో "సరే" అన్న జవాబు మాత్రం ఆనాటితో పోయింది. ఎత్తు ఎంతో అధికారి కూడా మరొకసారి పలకాలన్న నియమం వారు తెచ్చినదే.

ఈ వ్యాసం కోసం వారింటికి వెళ్లినప్పుడు వారి శ్రీమతి నవ్వారు: "ఉప్పు తెమ్మంటే 'ఉప్పు, ఒక ప్యాకెట్' అని నాకు అప్పజెప్పి గానీ గడప దాటరండీ. అయినా పంచదారే తెస్తారు!"

"నేను పంచదార అనే చెప్పుంటాను. ఆవిడ వినకుండా సరే అనేసుంటుంది," అన్నారు వారు.

ముప్పై అయిదేళ్లు అన్యుల ప్రయాణాలను కాచిన ఆ చెవికి ఇక విశ్రాంతి కలుగుగాక. ఆరోగ్యంతో, ఆత్మీయుల నడుమ నిండు నూరేళ్లు జీవించండి. దీనికి "సరే" అంటే ఒప్పుకోము, తిరిగి చెప్పండి. ఈసారి వింటాను.